ధరల సూచీలో తిరుపతి లేదు

వేతన ఒప్పందం గడువు ముగిసి కొత్త చర్చలు మొదలైతే, యాజమాన్యం మన ముందు పెట్టే మొదటి కాగితం దాదాపు ప్రతిసారీ ఒకటే. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ. సిమ్లాలోని లేబర్ బ్యూరో నెలనెలా విడుదల చేస్తుంది. హెచ్‌ఆర్ మేనేజరు దాన్ని ప్రింటు తీసి, రెండు అంకెల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఇటు జరుపుతాడు. "2022 జూన్‌లో 129.2. 2025 జూన్‌లో 145.0. మూడేళ్ళలో ధరలు పెరిగింది 12 శాతం. మేం 13 ఇస్తామంటున్నాం కదా, ఇంకేం కావాలి?" అంటాడు.

ఆ అంకెలు నిజమైనవే. భాగహారం కూడా సరిగ్గానే చేసి ఉంటారు. ఆ కాగితం చూసి యూనియన్ కమిటీలు చాలాసార్లు నోరు మెదపవు. లేకపోతే "అట్లా కాదు సార్, ఒకసారి బజారుకొచ్చి చూడండి, మీకే తెలుస్తాది" అని గొంతు పెంచుతాయి. రెండింటివల్లా రూపాయి పెరగదు. రేణిగుంట రోడ్డులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ, కమిటీ సభ్యుడిగా ఇలాంటి చర్చల్లో కూర్చుంటూ నాకు గట్టిగా అనిపించింది చెబుతాను. జీతం పెంచమని అడిగేటప్పుడు మన వాదన ఆ సూచీ ఒక్కదాని మీద నిలబెట్టకూడదు. మన ఇళ్ళ లెక్కల మీద నిలబెట్టాలి. ఆ లెక్కలు మనమే రాసుకోవాలి, అదీ చర్చలకు ఆర్నెల్ల ముందు నుంచే.

ముందు ఆ సూచీ సంగతి. ఇప్పుడు వాడుతున్న సూచీకి 2016 ఆధార సంవత్సరం, అంటే అప్పటి ధరలు 100 అనుకుని లెక్క. దేశంలో 88 పారిశ్రామిక కేంద్రాల్లో, 317 మార్కెట్లలో ధరలు సేకరించి సగటు కడతారు. మన రాష్ట్రం నుంచి అందులో ఉన్నవి గుంటూరు, నెల్లూరు, విశాఖపట్నం. తిరుపతి లేదు, చిత్తూరు లేదు. నెల్లూరులో ఇంటి అద్దె పెరిగితే దేశపు సగటు ఏ కొంచెమో కదులుతుంది. తిరుపతి కొర్లగుంటలో అద్దె రెట్టింపైనా ఆ సగటుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

తిరుపతిలో అద్దెలు ఎందుకు పెరుగుతాయో ఊళ్ళో అందరికీ తెలుసు. రోజూ వచ్చిపోయే యాత్రికుల కోసం కట్టే లాడ్జీలు ఒకవైపు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు చుట్టుపక్కల జిల్లాల నుంచి రోగులను తీసుకొచ్చి నెలల తరబడి ఉండిపోయేవాళ్ళు ఒకవైపు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ ఎప్పటినుంచో ఉన్నాయి, 2015లో ఐఐటీ, ఐసర్ కూడా వచ్చాయి. కోచింగుల కోసం వచ్చే పిల్లలు సరేసరి. రెండు గదుల పోర్షన్‌లో నలుగురు కుర్రాళ్ళను పెట్టుకుని తలకింత అని వసూలు చేసే వీలున్నప్పుడు, పెళ్ళాం బిడ్డలతో వచ్చిన ఫ్యాక్టరీ కార్మికుడికి ఇంటి ఓనరు అదే పోర్షన్ తక్కువకు ఎందుకిస్తాడు? బైరాగిపట్టెడలో, కొర్లగుంటలో అద్దె కట్టలేక మంగళం వైపో, కరకంబాడి వైపో జరిగిపోయిన కుటుంబాలు మా ఫ్యాక్టరీలోనే ఎన్నో ఉన్నాయి. అద్దెలో మిగిలింది ఆటోకు పోతుంది, ఎందుకంటే పిల్లల స్కూలు పాత చోటే ఉంది.

ఈ ఖర్చును సూచీ ఎంతగా చూస్తుంది? సూచీ మొత్తంలో ఇంటికి ఇచ్చిన వాటా 16.87 శాతం. అంటే నెలకు నూరు రూపాయలు ఖర్చుపెట్టే కార్మిక కుటుంబం ఇంటి మీద పెట్టేది 17 రూపాయల లోపేనని. ఇది దేశంలోని కార్మిక కుటుంబాలన్నిటి సగటు, సొంతింట్లో ఉండేవాళ్ళతో కలిపి. అద్దెల సమాచారాన్ని కూడా ఆరు నెలలకొకసారే, జనవరిలో, జులైలో మారుస్తారు. తిండి వాటా పాత 2001 సూచీలో 46.2 శాతం ఉండేది, 2016 సూచీలో 39.17కు తగ్గించారు. దేశం మొత్తం మీద అది సరైన లెక్కే అయ్యుండొచ్చు, దాని తప్పు పట్టడం లేదు. కానీ జీతం తగ్గేకొద్దీ ఇంట్లో తిండి వాటా పెరుగుతుంది. మా ప్యాకింగ్ సెక్షన్‌లో నూటికి ముప్పైతొమ్మిది రూపాయలతో తిండి గడుపుకునే ఇల్లు నాకు కనపడలేదు.

ఇంకోటి. మేనేజరు సున్నా చుట్టిన అంకెలు రెండే, మొదటిది, చివరిది. మధ్యలో ఏం జరిగిందో ఆ కాగితంలో ఉండదు. 2023 జులైలో కిలో టమాటా నూరు రూపాయలు దాటింది. దేశంలోనే పేరున్న టమాటా మార్కెట్ మదనపల్లె మనకు పక్కనే ఉన్నా మనమూ ఆ ధరే పెట్టి కొన్నాం. సూచీ కూడా ఆ ఒక్క నెలలో 136.4 నుంచి 139.7కు ఎగబాకింది, సెప్టెంబరుకు 137.5కు దిగివచ్చింది. సూచీ దిగింది గానీ ఆ రెండు నెలల కోసం తెచ్చుకున్న చేబదులు దానంతటది దిగదు కదా. డీఏ (ధరలను బట్టి పెరిగే కరువు భత్యం) లేకుండా మూడేళ్ళకు జీతం స్థిరంగా కట్టేసిన ఒప్పందాల్లో ఇది మరీ ఎక్కువగా తగులుతుంది.

అంకెల్లో చూద్దాం. 2022 జూన్‌లో 18,000 తీసుకుంటున్న మనిషిని తీసుకోండి. 2023 డిసెంబరులో సూచీ 138.8. అప్పటికి అతని చేతికి రావలసింది 19,337, వచ్చింది 18,000. ఆ ఒక్క నెలలోనే 1,337 రూపాయల కోత. మూడేళ్ళలో ఇలాంటి నెలలే అన్నీ. 2025 జూన్‌కు అతను పాత స్థితిలోనే ఉండాలన్నా 20,200 రావాలి. యాజమాన్యం ఇస్తానన్న 13 శాతంతో వచ్చేది 20,340. అంటే మూడేళ్ళ తర్వాత అసలు పెంపు నెలకు 140 రూపాయలు! గడిచిన మూడేళ్ళలో పోయినదాని మాట ఎవరూ ఎత్తరు. కాబట్టి సూచీని మనం పారేయకూడదు, దాన్ని నేల అనుకోవాలి. అక్కడి నుంచి పైకి ఎంత అన్నదే చర్చ కావాలి. యాజమాన్యం దాన్ని పైకప్పుగా చూపిస్తోంది.

పైకి ఎంత అనేది ఎట్లా తేల్చాలి? దీనికి మనం కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమ్మేళనంలో ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి కూర్చుని అవసరాల ఆధారంగా కనీస వేతనం ఎలా కట్టాలో ఒప్పుకున్నాయి. సంపాదించేది ఒకరు, తినేవాళ్ళు మూడు యూనిట్లు. భర్త 1, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6. పెద్దవాళ్ళకు రోజుకు 2,700 క్యాలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఆపైన వంటచెరకు, దీపం, ఇతర ఖర్చుల కింద మొత్తం వేతనంలో 20 శాతం. 1991లో రెప్టాకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఇంకోటి కలిపింది. పిల్లల చదువు, వైద్యం, పండగలూ పబ్బాలూ, ముసలితనం, పెళ్ళిళ్ళు, వీటికి మరో 25 శాతం ఉండాలంది. ఏడో వేతన సంఘం కేంద్ర ఉద్యోగుల కనీస జీతం 2016 జనవరి నుంచి 18,000 అని తేల్చడానికి మొదలుపెట్టింది కూడా ఈ సూత్రం నుంచే.

ఆ వేతన సంఘం పట్టికలో తిండి సరుకులు కిలోలతో సహా ఉన్నాయి. మూడు యూనిట్ల కుటుంబానికి నెలకు బియ్యం, గోధుమలు కలిపి 42.75 కిలోలు, పప్పులు 7.2 కిలోలు, నూనె 3.6 కిలోలు, పాలు 18 లీటర్లు, గుడ్లు 90. మేం చేసిన మొదటి పని ఆ పట్టికను తెలుగులో రాసుకుని, రైతుబజారులో, పేటలోని కిరాణా కొట్లలో, ఒక సూపర్ మార్కెట్‌లో ఒకేరోజు ధరలు తీసుకోవడం. బిల్లు ఇచ్చిన చోటల్లా బిల్లు తెచ్చాం. బిల్లు లేని ధరను లెక్కలోకి తీసుకోలేదు. చర్చల్లో ఒక్క అంకె తప్పని తేలితే మిగతా అన్నిటినీ అదే గాటన కడతారు.

ఈ సూత్రంలో నాకు నచ్చనివి ఉన్నాయి. షిఫ్టంతా నిలబడి డబ్బాలు మోసే ఆడమనిషిని 0.8 అని లెక్కేయడం ఏం న్యాయం? అమ్మానాన్నలు అసలు లెక్కలోనే లేరు. మన ఇళ్ళలో వాళ్ళ మందులకే ఎంత పోతుందో అందరికీ తెలుసు. 2019లో నివేదిక ఇచ్చిన కేంద్ర నిపుణుల కమిటీ మూడు యూనిట్లను 3.6 చేయాలని చెప్పింది, అయితే అదే కమిటీ క్యాలరీలను 2,400కు దించింది కూడా. అయినా పాత మూడు యూనిట్లతోనే కట్టండి. మనకు అనుకూలంగా పెంచి కట్టామన్న మాట పడకుండా, యాజమాన్యాలు కూడా ఒప్పుకుని ఉన్న లెక్కతో కట్టినా వాళ్ళిచ్చే జీతం కన్నా పైనే తేలుతుంది. అప్పుడు ఆ తేడాకు జవాబు చెప్పవలసింది వాళ్ళు.

ఇది సగం పనే. మిగతా సగం సభ్యుల ఇళ్ళ నుంచి రావాలి. మేం ఒక పేజీ కాగితం తయారుచేసి సెక్షన్లవారీగా పంచాం. పేరు రాయనక్కర్లేదు, ఇంట్లో ఎందరు, ఎందరు సంపాదిస్తారు, అద్దె ఎంత, పోయిన ఏడాది ఎంత, అడ్వాన్స్ ఎంత, ఆటోకెంత, స్కూలుకెంత, మందులకెంత, అప్పుల మీద వడ్డీ ఎంత. అన్నిటికన్నా పనికొచ్చిన ప్రశ్న చివరిది. "ఈ మూడేళ్ళలో మీ ఇంట్లో ఏం కొనడం మానేశారు?"

ఆ ప్రశ్నకు ప్యాకింగ్‌లో పనిచేసే ఒక అక్క కాగితం నింపకుండా ఒక నోటుబుక్కు తెచ్చిచ్చింది. కూతురు నిరుడు తరగతిలో వాడిన బుక్కు, వెనక పేజీల్లో ఇంటి లెక్క. ఎడమవైపు తేదీ, మధ్యలో సరుకు పేరు, కుడివైపు రూపాయలు. ప్రతి నెలా పాలు అని రాసిన వరుస ఇరవై, ఇరవైరెండో తేదీ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి నెలాఖరు దాకా ఖాళీ. "ఏమక్కా, ఇక్కడ రాయడం మరిచిపోయినావా?" అని అడిగాను. "మరిచిపోలేదన్నా. ఆ పది రోజులూ పాలు తీసుకోం. మేం డికాషన్ తాగుతాం, చిన్నోడికి మాత్రం చిన్న ప్యాకెట్ తెస్తా" అంది. ఆ చిన్న ప్యాకెట్ల లెక్క వేరే పేజీలో ఉంది. ఆమె ఒప్పుకున్నాక, పేరు లేకుండా, ఆ పేజీల జిరాక్సు మా చర్చల ఫైల్లో పెట్టాం. పక్కన వేతన సంఘం పట్టికలోని పాల వరుస పెట్టాం.

సూచీ చూపించలేనిది ఇదే. పాల ధర ఎంత పెరిగిందో సూచీ చెబుతుంది. ధర పెరిగాక ఆ ఇంట్లో పాలు ఎన్ని రోజులు ఆగిపోయాయో దానికి తెలియదు. మానేసిన సరుకుకు ధర ఎంతైతే ఏం? ఆ ఇంటి ఖర్చు పెరగలేదు కాబట్టి కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది. అందుకే ధరల గురించి మాత్రమే వాదించే కమిటీ ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుందని నా నమ్మకం.

ఈ కాగితాలు నింపించడం సులభం కాదు. అప్పుల సంగతి ఎవరూ రాయడానికి ఇష్టపడరు. గోల్డ్ లోను గురించి మగవాళ్ళ కాగితంలో ఉండదు, వాళ్ళ ఆడవాళ్ళను అడిగితే ఉంటుంది. కొందరు ఎక్కువ రాస్తే ఎక్కువ వస్తుందనుకుని పెంచి రాస్తారు. అలాంటి కాగితాలు పక్కన పెట్టాలి. సగటు కూడా కట్టకూడదు, ఒకరిద్దరి పెద్ద ఖర్చులు సగటును లాగేస్తాయి. అన్నిటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి మధ్యలో వచ్చినదాన్ని తీసుకోవాలి. ఎవరూ వేలెత్తి చూపలేరు. అన్నిటికీ మించి ఈ పని వల్ల సభ్యులకు తమ వాదన తమకు తెలుస్తుంది. చర్చలు ఎక్కడిదాకా వచ్చాయో గేటు మీటింగులో చెబుతుంటే "ఎంతొస్తాదన్నా?" అని మాత్రమే అడిగే మనుషులు, ఇప్పుడు "అద్దె సంగతి ఏమన్నారు?" అని అడుగుతున్నారు.

ఇక్కడ యాజమాన్యం వేసే ఎత్తు ఒకటుంది, ముందే చెప్పాలి. "మీకు రేషన్ బియ్యం వస్తుంది కదా, దాన్ని బజారు ధరకు ఎందుకు కట్టారు?" అంటారు. రేషన్ ప్రభుత్వం ప్రజల సొమ్ముతో పేద కుటుంబానికి ఇచ్చేది. దాన్ని చూపించి జీతంలో తగ్గిస్తే ఆ సబ్సిడీ కంపెనీ ఖాతాలో పడినట్టే. ఇరవైనాలుగు గంటలు మిషన్లు ఆడించే కంపెనీలో పర్మినెంటు కార్మికుడు రేషన్ కార్డుకు అర్హుడుగా ఉన్నాడంటే, అది జీతం తక్కువన్న సాక్ష్యమే. ఈ మాట చర్చల్లో సూటిగా చెప్పండి, మొహమాటం వద్దు.

అవసరం ఎంతో తేలాక, కంపెనీ ఇవ్వగలదా అన్నది రెండో ప్రశ్న. అసలు కనీస వేతనం విషయంలో ఇచ్చే స్తోమత లేదన్న మాట చెల్లదని సుప్రీంకోర్టు 1961లో ఉణ్ణిచోయి కేసులోనే చెప్పింది. అంతకుపైన అడిగేటప్పుడు మాత్రం స్తోమత చూస్తారు, చూడాలి కూడా. అయితే స్తోమత గురించి వాళ్ళు నోటితో చెప్పింది వినడం ఎందుకు? ప్రతి కంపెనీ బ్యాలెన్స్ షీటును కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు దాఖలు చేయాలి. ఆ శాఖ పోర్టల్‌లో నూరు రూపాయలు కడితే ఎవరైనా చూడొచ్చు. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ అయితే ఇంకా సులభం. వార్షిక నివేదికలో డైరెక్టర్ల జీతం మధ్యస్థ ఉద్యోగి (జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేవాడు) జీతానికి ఎన్ని రెట్లో, ఆ ఏడాది మధ్యస్థ జీతం ఎంత శాతం పెరిగిందో 2013 కంపెనీల చట్టం ప్రకారం చెప్పి తీరాలి.

లాభనష్టాల పట్టికలో మీరు చూడవలసినవి రెండు వరుసలు. మొత్తం అమ్మకాలు, ఉద్యోగుల మీద ఖర్చు. నూరు రూపాయల అమ్మకంలో ఉద్యోగుల ఖర్చు 8 రూపాయలు ఉందనుకుందాం. అందరికీ 15 శాతం పెంచినా అది 9 రూపాయల 20 పైసలవుతుంది. పెరిగింది రూపాయి ఇరవై పైసలు. పైగా ఆ 8 రూపాయల్లో డైరెక్టర్లూ జనరల్ మేనేజర్లూ కూడా ఉంటారు. ఐదేళ్ళ పట్టికలు పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మకాలు పెరిగి, ఈ వాటా తగ్గుతూ వస్తే, అంతకన్నా బలమైన వాదన మీకు ఇంకోటి దొరకదు. వాటా పెరుగుతూ, లాభం పడిపోతూ ఉంటే అది కూడా సభ్యులకు చెప్పాలి. దాచిపెట్టి పెద్ద డిమాండ్ పెడితే చివరికి నష్టపోయేది మనమే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఒక రూపాయి బేసిక్ పెంచితే కంపెనీకి పడేది రూపాయి కాదు, పీఎఫ్ వాటా 12 పైసలు, గ్రాట్యుటీ సుమారు 5 పైసలు కలుస్తాయి, బోనస్, ఓటీ వేరే. ఈ లెక్క ముందే మనం కట్టుకుని వెళ్తే, మొత్తం భారం అని వాళ్ళు చెప్పే పెద్ద అంకె చూసి బెదరనవసరం లేదు.

పోలిక దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఏ వేతన వివాదంలోనైనా అదే పరిశ్రమలో, అదే ప్రాంతంలో ఎంతిస్తున్నారన్నది చూస్తారు. యాజమాన్యం తనకు అనుకూలంగా దగ్గర్లోని చిన్న షెడ్డును చూపిస్తుంది. మనం మన సరుకు తయారుచేసే, మన సైజు కంపెనీని చూపించాలి. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ దాటితే తమిళనాడు. శ్రీపెరంబదూరు, ఒరగడం ఫ్యాక్టరీలతో మన ఫ్యాక్టరీలు ఒకే కొనుగోలుదారుకు సరుకు పంపుతుంటే, జీతం దగ్గరకొచ్చేసరికి రాష్ట్ర సరిహద్దు ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడి ఒప్పందాల కాపీలు అక్కడి యూనియన్లను అడిగితే ఇస్తారు. ఫోను చేస్తే సరిపోదు, కాగితం కావాలి.

పెంపు శాతాల్లో అడగొద్దు, రూపాయల్లో అడగండి. 15,000 ఉన్నవాడికి పది శాతమంటే 1,500. 40,000 ఉన్నవాడికి 4,000. ఇద్దరి మధ్య తేడా 25,000 నుంచి 27,500 అయింది. పాలు, బియ్యం ఇద్దరికీ ఒకే ధర. సీనియర్లకు ఈ మాట రుచించదు, మా కమిటీలోనూ దీనిమీద గొడవ జరిగింది. కొంత అందరికీ సమానంగా రూపాయల్లో, కొంత సర్వీసును బట్టి అన్న దగ్గర రాజీపడ్డాం.

పెంపు ఎప్పటినుంచి, ఏ ఏడాది ఎంత అన్నది మొత్తం అంకె కన్నా ముఖ్యం. 6,000 పెంచాం అంటారు, గేటు దగ్గర చప్పట్లు. చూస్తే మొదటి ఏడాది 3,000, రెండో ఏడాదికి 4,500, మూడో ఏడాదికి 6,000. మూడేళ్ళలో చేతికొచ్చేది 1,62,000. మొదటి నెల నుంచే 6,000 ఇస్తే వచ్చేది 2,16,000. తేడా 54,000 రూపాయలు, అదే పెంపు పేరుతో!

ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సంగతి చాలా కమిటీల దృష్టికి రాదు. జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ పోతుంది. 20,500 దగ్గర ఉన్న మనిషికి వెయ్యి పెంచి, ఇంటిల్లిపాది వైద్యం తీసేస్తే అది పెంపు ఎట్లా అవుతుంది? ఆ గీత దాటేవాళ్ళందరికీ, అమ్మానాన్నలతో సహా, కంపెనీ ఖర్చుతో ఆరోగ్య బీమా అని ఒప్పందంలోనే రాయించాలి. అలాగే 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక చట్టాలైన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మొత్తం చెల్లింపులో వేతనం సగానికి తగ్గకూడదన్న నియమం వల్ల కొన్ని చోట్ల అలవెన్సులు తగ్గించి బేసిక్ పెంచుతున్నారు. బేసిక్ పెరగడం మంచిదే, పీఎఫ్‌కూ గ్రాట్యుటీకీ మేలు. కానీ మొత్తం కదలకుండా అటుది ఇటు మార్చి దాన్ని వేతన పెంపు ఖాతాలో రాస్తానంటే ఒప్పుకోకూడదు. ఒకే ఫ్యాక్టరీలో రెండు మూడు యూనియన్లు ఉన్నవాళ్ళు ఇంకో విషయం చూసుకోవాలి. కొత్త కోడ్ ప్రకారం 51 శాతం సభ్యత్వం ఉన్న యూనియన్‌కే యాజమాన్యంతో చర్చించే హక్కు. ఎవరికీ అంత లేకపోతే, 20 శాతం, ఆపైన ఉన్నవాళ్ళందరూ కలిసి ఒక కౌన్సిల్‌గా కూర్చోవాలి. కీచులాటలకు ఇది సమయం కాదు.

చిత్తూరు సంగతి ఒకటి చెప్పాలి, ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. మామిడి సీజన్ రాగానే తోతాపురి ధర మీద రైతులు, గుజ్జు ఫ్యాక్టరీలు, అధికారులు కూర్చుంటారు. 2025 జూన్‌లో కిలోకు 12 రూపాయలని, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని తేల్చారు. రైతు కోసం అలా కూర్చోవడం న్యాయం, అది కూడా రైతులు రోడ్డెక్కితేనే జరిగింది. అదే ఫ్యాక్టరీల్లో కాయలు ఏరి, కడిగి, కోసే ఆడవాళ్ళ కూలి గురించి ఆ టేబుల్ మీద ఒక్క ముక్క లేదు. కాయ ధరకు పెట్టుబడి లెక్క కట్టినప్పుడు, ఆ కాయ కోసే చేతికి ఎందుకు కట్టరు? సీజన్ రెండు మూడు నెలలే, యూనియన్ నిలబడదు అంటారు. సీజన్‌కు ముందు రేటు మాట్లాడుకోవడానికి ఏడాది పొడవునా ఉద్యోగం ఉండాలా?

మా ఫ్యాక్టరీలో ఇదే ప్రశ్న కాంట్రాక్టు కార్మికుల రూపంలో ఉంది. ఒకే లైనులో, ఒకే మిషను దగ్గర, ఒకరు పర్మినెంటు, పక్కన ఉన్నవాళ్ళు కాంట్రాక్టరు మనుషులు. ఇంటి ఖర్చుల కాగితాలు వాళ్ళకూ పంచాం. "వాళ్ళు మీ సభ్యులు కాదు, వాళ్ళ గురించి మీరు మాట్లాడకూడదు" అని యాజమాన్యం అభ్యంతరం చెప్పింది. మా జవాబు ఇది. పర్మినెంటు కార్మికుడి జీతం పెంచమని అడిగిన ప్రతిసారీ "ఇంతకు సగానికి మనుషులు దొరుకుతున్నారు" అని మీరు వాళ్ళను చూపించే మాట్లాడతారు. వాళ్ళ జీతాన్ని మా చర్చలోకి తెచ్చింది మీరే. కాబట్టి వాళ్ళ ఇళ్ళ లెక్క కూడా ఇదే ఫైల్లో ఉంటుంది.

మా డిమాండ్ల పత్రంలో మొదటి అంశంగా అదే పెట్టాం. ఒకే పని చేసే కాంట్రాక్టు కార్మికుడికి కొత్తగా చేరిన పర్మినెంటు కార్మికుడి బేసిక్, ఒప్పందం మొదలైన తేదీ నుంచే. రెండో అంశం తిరుపతి అద్దెల మీద ప్రత్యేక అలవెన్సు. దానికి కొలత దేశపు సగటు కాదు. మేం సేకరించిన అద్దె రసీదులు, ఏటా ఏప్రిల్‌లో యూనియన్, యాజమాన్యం కలిసి అవే పేటల్లో తీసుకోవలసిన కొత్త అద్దెల వివరాలు. మూడో అంశం డీఏ, సూచీ కదిలినప్పుడల్లా కదిలేది, తగ్గినా పాత స్థాయికి దిగనిది. పెంపు రూపాయల అంకె నాలుగో అంశం. మొదటి రెండు విడతల చర్చలు ఆ అద్దెల అంశం దగ్గరే నడిచాయి. యాజమాన్యం కలిసి సర్వే చేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది, ఏ పేటలు తీసుకోవాలన్నది ఇంకా తెగలేదు. వాళ్ళు కరకంబాడి అంటున్నారు, మేం కొర్లగుంట కూడా ఉండాలంటున్నాం. తర్వాతి విడతకు ప్యాకింగ్ సెక్షన్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు మా తరఫున కూర్చుంటారు. అద్దె వాళ్ళు కడుతున్నారు, పేటలు వాళ్ళే చెబుతారు.